ఎర్రబడ్డ పేర్లు

భూపాలపల్లి,
11 ఆగస్టు 2024

దీక్షితా,

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకో. స్మార్ట్‌ఫోను పక్కన పెట్టేశాను. గ్రూప్స్ పరీక్ష అయ్యేదాకా బటన్ ఫోనే. అందులో మాట్లాడితే చెవి వేడెక్కుతుంది గాని అసలు సంగతి గొంతు దాటదు. ఆఫీసు కంప్యూటర్లో సొంత మెయిలు తెరవనివ్వరు. పోస్టాఫీసు మాత్రం నా గదికి నాలుగడుగులు.

మా చెల్లె రాధకు పెళ్లి కుదిరింది. ఫిబ్రవరిలో. నీకు తెలుసు కదా, మా లంబాడోళ్లలో పెళ్లిపిల్ల అత్తగారింటికి కదిలేముందు ఒక్కొక్కరి మెడ పట్టుకొని ఏడుస్తూ పాడాలి. ఢావ్లో. ఆ ఏడుపు దానంతట అది రాదు, నేర్చుకోవాలి. తల్లి నేర్పాలి. మా యాడి పోయి మూడేళ్లయింది, ఇంక మిగిలింది యాడి చెల్లె, మా మాసి.

నిన్న రాధ ఫోను చేసింది. "మాసి నేర్పిస్తా అంటున్నది గని, నాకు యాడి ఏడ్పే కావాలె అక్కా. నువ్వు రికార్డు చేసినవ్ గదా, గది తెచ్చియ్యి."

అది ఉన్నది నీ దగ్గరే. ఫైనలియర్‌లో మనం తండాలు తిరిగి ఎక్కించుకున్న నాలుగు వందల పన్నెండు రికార్డింగులు, ఆ నల్ల హార్డ్ డిస్కులో. యాడి ఢావ్లో అందులో ఒక్కటే, పదకొండు నిమిషాలు. "పెట్టెల పెట్టుకోండ్రి, ఊరంత తిప్పకుండ్రి, మగోళ్లు విని నవ్వుతరు" అని ఒట్టేయించుకుంది, గుర్తుందా? అందుకే నెట్‌లో ఎక్కడా పెట్టలేదు.

నా లాప్‌టాప్ ముసలిది, లినక్సు వేస్తే గాని లేవదు, పాటలు దాచేంత జాగా లేదు. అందులో ఉన్నవి లింకులే. "ఈ పాట ఫలానా డిస్కులో ఫలానా చోట ఉంది" అని చెప్పే చీటీలు. డిస్కు జనగామలో, చీటీలు నా దగ్గర. దారి తెగిన లింకును లినక్సు ఎర్రగా చూపిస్తుంది. ఆఫీసు నుంచి వచ్చి తెరిస్తే నాలుగు వందల పన్నెండు పేర్లూ ఎర్రగా ఉంటాయి. ఒక్కటీ పలకదు. అయినా రోజూ తెరుస్తాను.

ఇక్కడ తెల్లచున్నీ ఆరేస్తే సాయంత్రానికి బూడిదరంగుది తీసుకుంటాను, బొగ్గు లారీల పుణ్యం. గని సైరన్ మోగితే వీధిలో మగవాళ్లంతా ఒకేసారి చెప్పులు తొడుక్కుంటారు. ఇంటామె ప్రేమలతమ్మ రోజూ అదే మాట: "ఒక్కదానివే వండుకొని ఒక్కదానివే తింటవు, గోడతోని మాట్లాడుతవా ఏంది బిడ్డా?" మాట్లాడతానని ఆమెకు చెప్పలేదు.

ఆ ఒక్క పాట పెన్ డ్రైవ్‌లో వేసి పోస్టు చెయ్యి.

గోరీ


జనగామ,
24 ఆగస్టు 2024

ఓ పిల్లా గోరీ,

నీ చేతిరాత చూసి రెండేళ్లయింది, ఇంకా డాక్టరు చీటీ లాగానే ఉంది. రాధకు పెళ్లా! మనం పోయినప్పుడు రెండు జడలేసుకొని మైకు తీగ లాగిన పిల్లకేనా?

నా సంగతి ఏముంది. హన్మంత్ చిన్నాయిన నెట్ సెంటర్లో పొద్దటి నుంచి వేలిముద్రలు తీస్తుంటాను. అంట్లు తోమే ఆడవాళ్ల వేళ్లకు గీతలు అరిగిపోయి మిషను పట్టదు. నిన్న జఫర్‌గఢ్ నుంచి వచ్చిన ఒకామె, "గీతలు నా నొసట కూడ లేవు బిడ్డా, ఇంక యాడ చూస్తవ్" అంది. క్యూ అంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని మధ్యాహ్నం డబ్బా తెరిచి ముందు నా వేళ్లు చూసుకున్నాను. ఇంట్లో తరిగొప్పుల నుంచి వచ్చే పెళ్లి సంబంధాల ముచ్చట్లు, ఇక్కడ వేలిముద్రలు. నాతో నా పేరు పెట్టి మాట్లాడేవాళ్లే తగ్గిపోయారు. క్యూలో అందరికీ నేను "మేడం"నే.

పాట పంపుతాను గాని పాటలు సర్దడానికి నువ్వు రాసిన స్క్రిప్టుతో నాకు పెద్ద పరేషాన్. కాలేజీ ల్యాబులో దాన్ని నడిపితే ప్రతి పాటకూ ఊరి పేరుతో ఒకచోట, మనిషి పేరుతో ఒకచోట, సందర్భం పేరుతో ఒకచోట లింకు పడేది, డిస్కు బరువెక్కేది కాదు. ఇక్కడి విండోసులో, లినక్సు మాటలు వినే గిట్ బాష్ తెరిచి అదే స్క్రిప్టు నడిపితే మూడు చోట్లా పాటకు పాట దిగింది! అసలు పాటలుండే గోదాం ఫోల్డరులో ఒకటి, బయట మూడు నకళ్లు. ఏడాదిగా ఇంతే. చిన్నాయిన పెళ్లి ఆల్బమ్‌లు కూడా అందులోనే వేస్తాడు. డిస్కు నిండి మూలుగుతోంది. "గీ లంబాడి పాటలు తీసెయ్ బిడ్డా, గిరాకీ ఫొటోలకు జాగ లేదు" అని రోజూ నస. నువ్వే ఏదన్నా ఉపాయం చెప్పు.

దీక్షిత


భూపాలపల్లి,
6 సెప్టెంబరు 2024

దీక్షితా,

పాటలు తీసెయ్యమన్నాడా మీ చిన్నాయిన? ఆయన పెళ్లి ఆల్బమ్ తియ్యమను ముందు.

ఫోనులో చెబితే ఖాళీ ఎక్కడో గీత ఎక్కడో తెలియదని కాయితం మీద రాస్తున్నాను. ఉన్నదున్నట్టు కొట్టు. పాత స్క్రిప్టులో లింకు వేసే వరుస తీసేసి ఇది పెట్టు:

case "$(uname -s)" in
  MINGW*) export MSYS=winsymlinks:nativestrict ;;
esac
ln -sfn "$1" "$2"

మొదటి వరుస "నువ్వు ఏ సిస్టమ్‌వి?" అని అడుగుతుంది. విండోసని జవాబొస్తే రెండో వరుస దాని చెవి మెలిపెడుతుంది. లినక్సయినా, మ్యాక్ అయినా చెప్పాల్సిన పనిలేదు. గిట్ బాష్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి నడుపు, లేకపోతే విండోసు మొండికేస్తుంది. డిస్కు తేలికవుతుంది. ఎందుకు, ఎట్లా అని అడగకు. పొద్దున ఆరు నుంచి చదువు, పది నుంచి ఆఫీసు, నాకు పాఠం చెప్పే ఓపిక లేదు. నొక్కు, అంతే.

పాట మర్చిపోకు. రాధ వారానికి రెండుసార్లు అడుగుతోంది.

గోరీ


జనగామ,
19 సెప్టెంబరు 2024

గోరీ మేడంగారికి,

నొక్కాను, అంతే. నిజంగానే డిస్కు తేలికయింది! పది నిమిషాల్లో నూట ఇరవై జీబీ ఖాళీ. చిన్నాయిన కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశాడు. "మీ దోస్తు ఏం మంత్రమేసిందే?" అన్నాడు. పాటలు కూడా మూడు చోట్లా పలుకుతున్నాయి, చూశాను.

యాడి ఢావ్లో మళ్లీ విన్నాను. అప్పుడు కాలేజీలో రాతలోకి ఎక్కించడానికి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నోటికొచ్చేసింది. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు షట్టరు సగం దించి అన్నం తింటూ పెట్టుకుంటాను. నీ భాషలో ఏడిస్తే నన్ను ఎవరూ ఎందుకని అడగరు కదా.

పెన్ డ్రైవ్ కొనాలి. దసరా లోపల నీ చేతిలో ఉంటుంది.

దీక్షిత


భూపాలపల్లి,
20 అక్టోబరు 2024

దీక్షితా,

సద్దుల బతుకమ్మ పోయింది, దసరా పోయింది. పెన్ డ్రైవ్ రాలేదు, ఉత్తరమూ రాలేదు. సెంటర్‌కు ఫోను చేస్తే మీ చిన్నాయిన ఎత్తి "దీక్షిత బయటకు పోయింది" అన్నాడు. వెనక నుంచి నీ దగ్గు వినిపించింది. నీ దగ్గు నాకు తెలియదా?

పండక్కి తండాకు పోలేదు. చదువని చెప్పాను. రాధ ముందు ఖాళీ చేతులతో నిలబడలేక పోలేదు. పండగపూట వీధి చివర ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే గేటు పట్టుకొని చూశాను. ప్రేమలతమ్మ చెయ్యి పట్టి లాగింది. రెండు చుట్లు తిరిగి వచ్చేశాను. పక్కనున్నామె చప్పట్లతో నా చప్పట్లు కలవలేదు.

ఏమయిందో రాయి.

గోరీ


జనగామ,
2 నవంబరు 2024

గోరీ,

జ్వరం వచ్చి పది రోజులు పడుకున్నాను. దవాఖానలో డెంగీ కాదన్నారు. పెన్ డ్రైవ్ దసరాకు ముందే పోస్టులో వేశాను. మామూలు కవరులో వేశాను, తప్పు నాదే. ఎక్కడో జారిపోయి ఉంటుంది.

జనగామ స్టేషన్లో కొత్త బెంచీలు వేశారు. మొన్న సాయంత్రం మూడు రైళ్లు వచ్చి పోయేదాకా కూర్చున్నాను. దిగినవాళ్లలో నాకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

రాధకు గాజులు పంపుతున్నాను. ఆకుపచ్చవి. నచ్చుతాయా?

దీక్షిత


భూపాలపల్లి,
9 నవంబరు 2024

దీక్షితా,

గాజులు పగలకుండా వచ్చాయి. నువ్వు వాటిని గుడ్డలో చుట్టి, గుడ్డను అట్టపెట్టెలో పెట్టి, పెట్టెను రిజిస్టరు చేశావు. ఇంత జాగ్రత్త ఉన్నదానివి యాడి గొంతును మామూలు కవరులో వేశావా?

పోయిందంటే ఇంకో నకలు ఎక్కించడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ మాట నీ ఉత్తరంలో ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాను.

పదిహేడు ఆదివారం. మొదటి బస్సుకు వస్తున్నాను. డిస్కు నేనే చూసుకుంటాను.

గోరీ


జనగామ,
13 నవంబరు 2024

గోరీ,

రాకు. వచ్చినా చూడటానికి ఏమీ లేదు.

జ్వరం అబద్ధం. పెన్ డ్రైవ్ అబద్ధం. సెప్టెంబరులో నీకు ఉత్తరం వేసిన నాలుగో రోజే చిన్నాయినకు మళ్లీ జాగా కావాల్సి వచ్చింది. ఊరి పేరు, మనిషి పేరు, సందర్భం పేరు ఉన్న ఫోల్డర్లు మూడింట్లోనూ యాడి ఢావ్లో నొక్కి చూశాను. మూడింట్లోనూ పాడింది. ఏడాదిగా నా కళ్ల ముందు ఉన్నవి నకళ్లే కదా, మూడు ఉన్నప్పుడు నాలుగోది ఎందుకనుకున్నాను. పేర్లు లేని, ఉత్త నంబర్లున్న గోదాం ఫోల్డరును తీసేశాను.

ఆ క్షణంలోనే మూడూ మూగబోయాయి. నీ కొత్త స్క్రిప్టుతో అవి నకళ్లు కావని, గోదాంకు దారి చూపే చీటీలయ్యాయని అప్పుడు తెలిసింది. చిన్నాయినకు చెప్పేలోపే ఆయన పెళ్లి వీడియోలన్నీ డిస్కు మీద పోశాడు. హనుమకొండలో పోయిన ఫైళ్లు లేపే ఒకాయన దగ్గరకు డిస్కును మూడుసార్లు తీసుకుపోయాను. యాడిది ఒక ముక్క లేపాడు, నాలుగు సెకండ్లు. ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు చప్పుడు, అంతే.

నిన్ను ఏమని అడగను? నా చేత్తో నేనే తీసేశాను.

దీక్షిత


భూపాలపల్లి,
21 నవంబరు 2024

దీక్షితా,

రాధకు ఫోనులో చెప్పాను. "సరే అక్కా, మాసి దగ్గర నేర్చుకుంటలే" అని పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

నువ్వు ఒక తప్పు చేశావు, తర్వాత రెండు నెలలు నాతో అబద్ధమాడావు. మొదటిదానికి నా దగ్గర కోపం లేదు, రెండోదానికి ఉంది. ఆ రెండు నెలలు నేను రాధకు రోజులు చెబుతూ పోయాను. దసరాకు, దీపావళికి, వచ్చే వారం అని. నువ్వు నాకు చెప్పిన అబద్ధం నా నోటితో దానికి చేరింది.

ఇంక రాయకు.

గోరీ


మహబూబాబాద్,
5 జనవరి 2025

గోరీ,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి చదివి పొయ్యిలో వేసెయ్.

పొద్దున రైలెక్కి ఇక్కడే, మానుకోటలో దిగి, ఆటోలో మీ రేగులగుట్ట తండాకు పోయి వచ్చాను. ఇప్పుడు స్టేషన్లో కూర్చొని రాస్తున్నాను. నీకు చెబితే వద్దంటావని చెప్పలేదు. దాచడం మళ్లీ చేశాను, తిట్టుకో.

మీ బాపు గుర్తుపట్టాడు. రాధ గుర్తుపట్టి కూడా లోపలికి పోయింది. నేను మీ మాసితో అన్నాను, "నా దగ్గర రికార్డు లేదు, పోగొట్టిన. గని విని విని నాకు నోటికొచ్చింది. మాటలకు అర్థం తెల్వదు. రాధ వింటనంటే పాడుత." మాసి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "రెడ్లోళ్ల పిల్ల మా ఏడ్పు ఏడుస్తదట, రాండ్రే" అని కేకేసింది. పది మంది ఆడవాళ్లు చేరారు. గోడ అవతల నుంచి బీక్యా తాత, "సినిమావోళ్లు వచ్చిండ్రా?" అని అడిగాడు. మాసి చీపురు విసిరింది, పోయాడు.

కళ్లు మూసుకొని మొదలుపెట్టాను. "యాడీయే... హియా..." అని. మొదట నవ్వారు. నా నోట మీ మాట ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. నేను ఆపలేదు. యాడి ఎక్కడ ఊపిరి తీసుకుందో అక్కడే తీసుకున్నాను, ఎక్కడ గొంతు పట్టేసిందో అక్కడే పట్టేశాను. వేరే విధంగా నాకు రాదు గోరీ, నేను నేర్చుకోలేదు, నకలు దించాను. నవ్వులు ఆగిపోయాయి. మాసి కొంగు నోట్లో కుక్కుకుంది.

నడుమ ఒకచోట అందరూ ఒక్కసారి పకపకా నవ్వారు. నాకు అర్థం కాలేదు. పాడటం అయిపోయాక మాసి కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "అది పాట గాదే పిచ్చిదానా! 'గోరీ, పొయ్యి మీద అన్నం మాడుతున్నది, చూడు' అన్నదే మా అక్క. ఏడ్పు నడుమ, రాగం ఇడువకుండ అన్నది. నువ్వు గది గూడ ఏడ్చినవ్!"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట తీసేసి మళ్లీ పాడతానన్నాను. అప్పుడు రాధ లోపలి నుంచి వచ్చి నా ముందు కూర్చుంది. "తియ్యకు అక్కా. యాడి ఎట్లన్నదో గట్లనే చెప్పు," అంది. సాయంత్రందాకా నేర్పాను. సగం వచ్చింది. ఇంకో రెండు ఆదివారాలు వస్తానని చెప్పాను. నువ్వు తండాలో ఉండే రోజుల్లో రాను.

పెళ్లికార్డు ఇచ్చింది. తీసుకున్నాను. పిలిచింది రాధ, నువ్వు కాదు. అందుకని రాను.

రైలు వస్తోంది.

దీక్షిత


భూపాలపల్లి,
23 ఫిబ్రవరి 2025

దీక్షితా,

నీ ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు.

ముందు నా తప్పు రాయనివ్వు. నేను పంపిన వరుసలో ln పక్కన sfn అని ఉంది. అందులో f అంటే, ఆ చోట ఇప్పటికే ఏదన్నా ఉంటే అడక్కుండా తీసేసి లింకు పెట్టు అని. నీ దగ్గరున్న మూడు నకళ్లను తీసేసింది అదే. నువ్వు గోదాంను తీసేసేనాటికి యాడి గొంతు ఒక్కచోట మిగిలింది, ఆ ఒక్కచోట మిగిలేటట్టు చేసింది నేను. ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు గోదాం జోలికి పోకపోదువు. ఎందుకని అడగకు అన్నాను. నువ్వు అడగలేదు. నవంబరులోనే ఈ సంగతి నాకు తట్టింది, ఆ కోపపు ఉత్తరం రాసేటప్పుడే. నీ రెండు నెలల అబద్ధాన్ని ఎత్తి చూపి, నాది దాచుకున్నాను. నీది రెండు నెలలు, నాది మూడు.

పెళ్లి పోయిన గురువారం అయింది. పిల్లగాడు మంచివాడిలాగే ఉన్నాడు, ఫొటోల్లో మాత్రం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నేను నాలుగు రోజుల ముందే పోయాను. రాధ నా ఎదుట ఒక్కసారి కూడా పాడలేదు. "ఆనాడు ఇంటువు తియ్" అంది. దానికి నా మీద ఇంకా కోపం ఉందేమో అనుకున్నాను.

కదిలే పొద్దు వచ్చింది. జీపు వాకిట్లో పెట్టారు. రాధ మొదట బాపు మెడ పట్టుకుంది. దీక్షితా, అది నోరు తెరవగానే మా తండా ఆడవాళ్లంతా ఒక్కసారి తల తిప్పారు. మాసి నా భుజం గట్టిగా పట్టుకుంది. అది యాడి ఊపిరి. యాడి గొంతు పట్టేసే చోట రాధ గొంతు పట్టేసింది. కాని మధ్యమధ్య, ఎట్లా చెప్పను, నీ పలుకు కూడా ఉంది. మేం ముక్కులో పలికేదాన్ని నువ్వు నోట్లో పలుకుతావు. రాధ దాన్ని కూడా వదల్లేదు. మాసి నా చెవిలో అంది, "మీ దోస్తు ఏదే? రాలేదా? ఏడ్పు నేర్పినామెకు చీర పెట్టాలె గదా."

బాపు అయ్యాడు, మాసి అయింది, అమ్మలక్కలు అయ్యారు. చివరికి నా మెడ పట్టుకుంది. నా దగ్గర ఏడుస్తూ ఏడుస్తూ, రాగం విడవకుండా, ఆ మాట అంది. గోరీ, పొయ్యి మీద అన్నం మాడుతున్నది, చూడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

రికార్డు చేసిన రోజు యాడి ఆ మాట అన్నప్పుడు నేను లేవలేదు. మైకు కదులుతుందని, శబ్దం పాడవుతుందని కూర్చున్నాను. అన్నం మాడిపోయింది. అడుగంటిన అన్నమే అందరం తిన్నాం. అదంతా నేను మర్చిపోయాను. నాలుగు వందల పన్నెండు పేర్లు గుర్తుపెట్టుకున్నదాన్ని, ఇది మర్చిపోయాను.

రాధ చేతులు విడిపించుకొని ఇంట్లోకి పోయాను. జీపు కదిలిన చప్పుడు అక్కడ నుంచే విన్నాను. వంటంతా బయట టెంటు కింద వంటవాళ్లు చేస్తున్నారు. ఇంట్లో పొయ్యి నాలుగు రోజులుగా వెలిగించనే లేదు. బూడిద ఎత్తేసి అలికారు, మీద ముగ్గు కూడా వేశారు. దాని మీద ఏమీ లేదు.

వంగి చూశాను.

గోరీ